పలకని ఫోను నంబరు

మొన్న మనవరాలికి చుడీదారు గుడ్డ తీసుకుందామని మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్టుకి వెళ్లాను. బేరం ఆడనివ్వని కొట్టు. అలాంటి కొట్టు నాకు గిట్టదు, మనవరాలికి అదే గిట్టింది. బిల్లు కొట్టే అమ్మాయి తలెత్తకుండానే ఫోన్ నంబరు చెప్పమంది.

"ఎందుకమ్మా?" అన్నాను.

అప్పుడు తలెత్తింది. ఆ మాట ఆ కౌంటరు దగ్గర అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. నంబరు కొట్టకపోతే కంప్యూటరు బిల్లు ఇవ్వదట. సరేనని చెప్పాను. పది అంకెలూ కొట్టి, తెరవైపు చూసి, నావైపు చూసి, మళ్లీ తెరవైపు చూసింది.

"అంకుల్, మా షాపులో అందరికంటే ఎక్కువ కొన్నది మీరేనండీ."

ఏమేం కొన్నానో తనే చదివి వినిపించింది. ఏడు సైజుల్లో స్కూలు యూనిఫారాలు, రెండు పెళ్లిళ్లకు సరిపడా పట్టుచీరలు, జరీ పంచెలు, ఉయ్యాల గుడ్డలు, ఒక బురఖా, అయ్యప్ప మాలకి నల్లబట్టలు మూడు జతలు. ఇవన్నీ ఒక్క ఇంటికేనా అని అడిగింది. మాది పెద్ద కుటుంబం అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు, అయినా కంప్యూటరు నమ్మింది కాబట్టి ఊరుకుంది. పండక్కి ఎక్కువ కొన్నవాళ్లకి కుక్కర్ బహుమతి పెట్టారట, అది నా నంబరుకే వచ్చిందట. ఎన్నిసార్లు ఫోన్ చేసినా పలకట్లేదట.

"పలకదమ్మా" అన్నాను.

ఒక ఫారం ఇచ్చి, ఇది నింపి, ఆధార్ జిరాక్సు, ఫొటో జతచేస్తే కుక్కర్ ఇస్తామంది. చదివి తెస్తానని జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. మెట్లు దిగుతుంటే నవ్వు ఆగలేదు. మనవరాలు నన్ను చూసి సిగ్గుపడి నాలుగడుగులు ముందు నడిచింది.

ఆ నంబరు నాది కాదు. మా తిరువూరు లైబ్రరీ ల్యాండ్ ఫోనుది. ముందున్న సున్నా తీసేస్తే సరిగ్గా పది అంకెలు వస్తాయి. దాని తీగ తెగి ఏళ్లు గడిచాయి, బాగుచేయడానికి ఎవరూ రాలేదు. పెట్టె మాత్రం లైబ్రేరియన్ బల్ల మీదే ఉండేది. మా మేడం దాన్ని రోజూ తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఎగిరే కాగితాల మీద బరువుగా పెట్టేవారు. కొట్లో ఎవరు నంబరు అడిగినా అదే చెప్పమని ఊరికి నేర్పింది ఆవిడే. అది అబద్ధం కాదా అని ఎరువుల కొట్టు శెట్టిగారు ఒకసారి నిలదీశారు. అబద్ధమెలా అవుతుంది, అది పలికిన రోజున మీకోసం అడిగితే పిలిచి ఇస్తాను, ఎలాగూ మీరుండేది ఇక్కడేగా అన్నారావిడ. ఆసుపత్రిలో, బ్యాంకులో మాత్రం మీ నిజం నంబరే ఇవ్వండి, అక్కడ నా తెలివితేటలు వాడొద్దని కూడా అన్నారు.

ఆవిడ రోజూ విస్సన్నపేట నుంచి బస్సులో వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నూలు చీర, భుజానికో గుడ్డసంచి. ఆ సంచిలో రెండు స్టీలు డబ్బాలు. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో ఫోను. డబ్బాలో పెడితే సిగ్నల్ పోతుందా మేడం అని ఎవరో అడిగితే, సిగ్నల్ పోదు గానీ నా చెయ్యి దానిమీదికి పోదు అన్నారు. ఆ ఫోను తీసి మాట్లాడినప్పుడల్లా చుట్టుపక్కల గోంగూర వాసన వచ్చేది.

ఆవిడకి ఊతపదం ఒకటే. ఎందుకు? ఎడమ కనుబొమ్మ పైకెత్తి అడిగేవారు. ఫోన్లో ఏదైనా కొత్తది వేసుకున్నామంటే చాలు, మన చేతిలోంచి తీసుకుని అది ఏమేం అడిగిందో చూసేవారు. మా లెక్కల మాస్టారు, అంటే హైస్కూల్లో చేసి రిటైరైనాయన, ఒకరోజు ఫోన్లో టార్చిలైటు వేయించుకుని మురిసిపోతూ వచ్చారు. మేడం చూశారు. ఆ టార్చిలైటు ఆయన ఫోన్లో ఉన్నవాళ్లందరి పేర్లూ నంబర్లూ అడిగింది, మాస్టారు ఇచ్చేశారు.

"టార్చికి మీ వియ్యంకుడి నంబరు ఎందుకండీ మాస్టారూ? చీకటి పడిందని ఆయనకి చెప్తుందా?"

మాస్టారు అక్కడికక్కడే దాన్ని ఫోన్లోంచి తీయించేశారు. మర్నాడు మామూలు టార్చి కొనుక్కుని తెచ్చి బల్ల మీద నిలబెట్టారు.

లైబ్రరీలో రెండు కంప్యూటర్లు ఉండేవి. పరీక్షలకి చదివే పిల్లలు వాటిలో అప్లికేషన్లు పెట్టుకునేవాళ్లు, మెయిలు చూసుకుని తమ పేరు మీద తెరిచినదాన్ని అలాగే వదిలేసి పోయేవాళ్లు. అలా వదిలేస్తే మేడం ఆ తెరవైపు చూసేవారు కాదు. తల పక్కకి తిప్పుకుని, అల్లరి చేసిన పిల్లని గోడవైపు నిలబెట్టినట్టు మానిటర్ని గోడకి తిప్పేసి, కీబోర్డు మీద ఒక ఇత్తడి తాళంకప్ప పెట్టేవారు. ఆ వదిలేసినవాళ్లు వచ్చి తాళంకప్ప తీసి ఆవిడ చేతికివ్వాలి. ఇల్లు బార్లా తెరిచి పోయావు, ఇంతసేపూ కాపలా కాశాను, టీ ఇప్పించు అనేవారు. ఆ లైబ్రరీలో ఆవిడ తన సొంత డబ్బుతో టీ తాగినట్టు నాకు గుర్తులేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆవిడ సంగతి మీకు అర్థం కాదు. నేను పరుపులు కుట్టేవాణ్ణి. మా నాన్న, తాత అందరిదీ దూది ఏకే పనే. పెళ్లికి కొత్త పరుపులు కుట్టడం ఒక ఎత్తు, ఉండకట్టిన పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టడం ఒక ఎత్తు. పాత పరుపు విప్పితే దూదొక్కటే రాదు. ఉత్తరాలు వస్తాయి, తాయెత్తులు వస్తాయి, ఫొటోలు వస్తాయి. ఒక పెద్దమనిషి పరుపులోంచి సగం తిన్న ఖర్జూరం పొట్లం వచ్చింది. నేను ఏది దొరికితే అది దొరికిన చోటే పెట్టి కుట్టేసేవాణ్ణి.

లైబ్రరీ కుర్చీ దిండ్లు కుట్టడానికి పిలిచినప్పుడు మేడం నన్ను ఇదే అడిగారు, పరుపుల్లో ఏం దొరుకుతాయి సాయిబు గారూ అని. దూది అన్నాను. ఆవిడ కనుబొమ్మ లేపారు. దూదేనమ్మా అన్నాను మళ్లీ. ఆ జవాబు ఆవిడకి ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత శనివారాల్లో ఆవిడ పెట్టే క్లాసులో నన్ను చూపించి మరీ చెప్పేవారు.

"ఈ ఊళ్లో సగం పరుపులు విప్పిన మనిషి, ఒక్క మాట బయటికి రాలేదు. మీ ఫోను కూడా మీ పరుపేనండీ. కాకపోతే అది కుట్టింది సాయిబు గారు కాదు."

కొట్టు కొడుక్కి అప్పజెప్పాక నేను రోజూ లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. కిటికీ పక్కన పొడుగు బల్ల, ఆ చివర మాస్టారు, ఈ చివర శెట్టిగారు, మధ్యలో నేను. మేడమే పేపరు తెచ్చి నా చేతికి అందించేవారు, పెద్దవాణ్ణని. దాన్ని ఒక గంట చదివేవాణ్ణి. మధ్యమధ్యలో నిట్టూర్చేవాణ్ణి, తల అడ్డంగా ఊపేవాణ్ణి. తర్వాత వార్తల మీద చర్చ. సాయిబు గారేమంటారు అని ఇద్దరూ నావైపు తిరిగేవాళ్లు. నేను చివర్లో ఒక్క మాట చెప్పేవాణ్ణి, ఇద్దరూ ఒప్పుకునేవాళ్లు.

నాకు చదవడం రాదు.

అప్పటికి అరవై ఏళ్లు దాటినా ఒక్క అక్షరం రాదు. సంతకం మాత్రం మూడు మెలికలు గీయడం నేర్చుకున్నాను. వార్తలన్నీ వాళ్లిద్దరి మాటల్లోంచే ఏరుకుని, వాళ్లు చెప్పిందే చివర్లో వాళ్లకి తిప్పి చెప్పేవాణ్ణి. అందుకే ఒప్పుకునేవాళ్లు. ఇంట్లో మా ఆవిడకి తెలుసు, ఆమె పోయింది. కొడుక్కి తెలుసు, వాడు నోరెత్తడు. బల్ల దగ్గరి ఇద్దరికీ తెలియదు. తెలిస్తే వాళ్లు ఏమీ అనరు, అదే నా భయం. ఏమీ అనకుండా జరిగి చోటిస్తారు. ఆ జాలితో ఇచ్చిన చోటులో నేను కూర్చోలేను. ఆ బల్ల పోతే, పొద్దున లేచి చొక్కా తొడుక్కోవడానికి నాకు ఇంకో కారణం లేదు.

ఇలా ఉండగా ఒక నెలాఖరు శనివారం మేడం అందర్నీ కూర్చోబెట్టారు. పదిహేను మందిమి ఉంటాం. ఆవిడ చేతిలో ఒక నోటుబుక్కు. ఈ నెలంతా నేనొక పని చేశాను, పేర్లు చెప్పను, వినండి అని చదవడం మొదలెట్టారు.

"ఒక పెద్దాయన ఈ నెలలో తొమ్మిదిసార్లు షుగర్ వ్యాధి పుస్తకం తీశారు. ఆ తొమ్మిది రోజులూ ఆయన చొక్కా జేబుకి జిలేబీ పాకం అంటుకుని ఉంది."

పేరు చెప్పలేదు గానీ పదిహేను మందీ మాస్టారి జేబు వైపు చూశారు. మాస్టారు జేబు మీద చెయ్యి పెట్టుకున్నారు, గుండె పట్టుకున్నట్టు. ఇంకో పేజీ తిప్పారు. ఒకాయన రోజూ బెజవాడలో స్థలాల ప్రకటనలే చదువుతారు, తమ్ముళ్లు లోపలికొస్తే మాత్రం క్రికెట్ పేజీ తిప్పుతారు. శెట్టిగారి మెడ ఎర్రబడింది. ఊరొదిలి పోవాలని చూస్తున్న సంగతి మాక్కూడా అప్పుడే తెలిసింది. ఒకమ్మాయి గ్రూప్స్ పుస్తకం మధ్యలో బ్యూటీపార్లర్ కోర్సు పుస్తకం పెట్టుకుని చదువుతుంది. ఆ పిల్ల మాత్రం గడుసుది, తనే లేచి, మా నాన్నకి చెప్పకండి మేడం అని నవ్వేసింది.

నాకు నవ్వు రాలేదు. ఇన్నిన్ని కనిపెట్టిన మనిషి, రోజూ పేపరు చేతికిచ్చే మనిషి, నన్ను కనిపెట్టకుండా ఉంటుందా? లేచి బయటికి పోదామంటే అందరూ చూస్తారు. కూర్చుంటే వింటారు. ఆవిడ ఇంకో పేజీ తిప్పి, కొంచెంసేపు దానివైపు చూసి, ఒక్కసారి కళ్లెత్తి నావైపు చూశారు.

"ఇక్కడ సిరా ఒలికింది. కనపడట్లేదు" అని పుస్తకం మూసేశారు.

శెట్టిగారు అప్పటికే లేచి నిలబడ్డారు. ఆయన కోపం రాని మనిషి, అందుకే వస్తే ఎలా పట్టుకోవాలో తెలియదు. మమ్మల్ని ఇలా కాపుకాసి రాసుకోమని మీకెవరు చెప్పారు, మేం ఒప్పుకున్నామా అన్నారు. మేడం అదే మాట కోసం కాచుకుని ఉన్నట్టు, గుమ్మం దగ్గరి సంతకాల రిజిస్టరు తెచ్చి మాస్టారి ముందు పెట్టారు. లోపలికొచ్చే ప్రతివాడూ సంతకం పెట్టే రిజిస్టరు అది. పేజీ పైన ఏముందో గట్టిగా చదవమన్నారు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివారు.

"ఈ పుస్తకంలో సంతకం చేసినవారు, ఈ నెలంతా లైబ్రేరియన్ తమను గమనించి వివరాలు రాసుకోవడానికి ఒప్పుకున్నట్టే."

మాస్టారు ఇంకో పేజీ తిప్పారు. అక్కడా ఉంది. ఇంకోటి తిప్పారు. ఒకటో తారీకు నుంచి ప్రతి పేజీ పైనా ఉంది. దాని కింద మా సంతకాలు బారులు తీరి ఉన్నాయి. మాస్టారిది ముత్యాల్లాంటి దస్తూరీ, అన్ని రోజులూ, ఒక్కటి తప్పకుండా.

"లైబ్రరీకి వచ్చేదే చదవడానికి కదండీ" అన్నారు మేడం. "గుమ్మంలో ఉన్నదే ఎవరూ చదవలేదు."

అప్పుడు ఆవిడ నెమ్మదిగా చెప్పారు. నేను ఒక్కదాన్ని, నా దగ్గర ఒక పెన్సిలు, మీరు నాకు కనిపించేది రోజుకి రెండు మూడు గంటలు. అందులోనే మీ జిలేబీలు, మీ స్థలాలు నాకు తెలిసిపోయాయి. మీ జేబులో ఉన్నదానికి నిద్ర లేదు, పెన్సిలు అరగదు, మీరు ఎక్కడెక్కడ ఆగారో, ఎంతసేపు దేనివైపు చూశారో రాసుకుంటూనే ఉంటుంది. అదీ మిమ్మల్ని అడిగే రాసుకుంటోంది. మీరు సరే నొక్కారు.

మీరు చేసింది మాత్రం తప్పు కాదా మేడం అని గ్రూప్స్ అమ్మాయి అడిగింది. తప్పే, అందుకే ఇది ఇంక నా దగ్గర ఉండకూడదు అని నోటుబుక్కులో పేజీలు ఒక్కొక్కటే చింపి, మడిచి, ఎవరిది వాళ్ల చేతికి ఇచ్చేశారు. నకలు లేదని చెప్పారు. మాస్టారు తనది అక్కడికక్కడే ముక్కలు చేసి, ఆ ముక్కలు కూడా జేబులో వేసుకున్నారు.

చదువుకున్నవాళ్లు చదవకుండా సంతకం పెట్టారు, నేను చదవడం రాక పెట్టాను. ఆ గదిలో సరైన కారణం ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పుకునే యోగం లేకపోయింది.

నాదీ ఒక కాగితం. సిరా ఒలికిందన్న కాగితం. మడత విప్పి చూస్తే ఎక్కడా ఒక్క మరక లేదు. నిండా రాసి ఉంది.

ఆవిడ ఎంత గడుసుదో నాకు ఇంటికి వెళ్లాక అర్థమైంది. నా గుట్టు ఆ కాగితంలో ఉంది. దాన్ని నేను చదవలేను. ఎవరితోనైనా చదివించుకుంటే, చదివినవాడికి గుట్టు తెలిసిపోతుంది. మనవరాలితో చదివిద్దామంటే, మా తాత రోజూ లైబ్రరీకి పోతాడని ఊరంతా చెప్పుకునే పిల్ల అది. కొడుకుతో అంటే, ఆవిడ నా గురించి ఏం వెక్కిరించిందో వాడికెందుకు తెలియాలి? మూడు రోజులు ఆ కాగితం తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. కావాలంటే చింపేయొచ్చు. కానీ నా గురించి ఒకరు అంత రాశారంటే, అందులో ఏముందో తెలియకుండా చింపడం నా వల్ల కాలేదు.

నాలుగో రోజు ఒక ఉపాయం తట్టింది. నన్ను ఎరగని ఊరికి పోయి, నన్ను ఎరగని మనిషితో చదివించుకుంటే సరి. మంగళవారం సాయంత్రం బస్సెక్కి విస్సన్నపేటలో దిగాను. బస్టాండులో బెంచీ మీద కాలేజీ పిల్లాడిలా ఉన్న ఒకణ్ణి చూసుకుని, పక్కన కూర్చుని, కళ్లజోడు మరిచిపోయాను బాబూ అంటూ కాగితం తీశాను. అప్పుడే మా వెనకాల ఇంకో తిరువూరు బస్సు వచ్చి ఆగింది.

"ఏంటి సాయిబు గారూ, పరుపులు అమ్మడానికి ఇంతదూరం వచ్చారా?"

ఆవిడ ఉండేది విస్సన్నపేటలోనని నాకు తెలుసు. రోజూ ఆ బస్సులోనే వెళ్తారనీ తెలుసు. తిరువూరులో ఎవరి కంటా పడకూడదన్న ఆత్రంలో అది బుర్రకి తట్టలేదు. కాగితం జేబులో కుక్కుకున్నాను. ఆవిడ కాగితం చూశారు, ఆ కుర్రాణ్ణి చూశారు, నన్ను చూశారు. ఏమీ అడగలేదు. అడగకపోవడమే నన్ను పట్టేసింది. కుర్రాడు తన బస్సు వచ్చి వెళ్లిపోయాక నేనే అన్నాను.

"ఇది నేనే చదువుకోవాలమ్మా. ఎన్నాళ్లు పడుతుంది?"

"మీరు ఎంత పొద్దున్నే రాగలరో దాన్ని బట్టి ఉంటుంది" అన్నారు.

మర్నాటి నుంచి లైబ్రరీ తెరవడానికి అరగంట ముందే వెళ్లేవాణ్ణి. ఆవిడా మొదటి బస్సుకి వచ్చేవారు. ఎవరైనా చూస్తే అనుమానం రాకుండా నా చేతికో దుమ్ముగుడ్డ ఇచ్చారు. పిల్లల పుస్తకానికి చట్టాల పుస్తకం అట్ట తొడిగారు. అ, ఆల నుంచి మొదలుపెట్టలేదు. ఈ వయసులో వరుసగా పోతే కొమ్ము దగ్గరికి వచ్చేసరికి నేనుండనని నేనే అన్నాను. మొదట ఎందుకు అన్న మాట నేర్పారు. తర్వాత వద్దు అన్న మాట. ఆ రెండూ వస్తే సగం లోకంతో వేగొచ్చు, మిగతా అక్షరాలు తీరిగ్గా నేర్చుకుందామన్నారు. వద్దులో ద కింద వత్తు నాకు వారం రోజులు పడలేదు. సూదిలో దారం ఎక్కించే చేత్తోనే పెన్సిలు పట్టి కాగితాలకి చిల్లులు పెట్టేవాణ్ణి. ఆవిడ వెక్కిరించేవారు. పరుపుకి మూల ఎలా తిప్పుతారో అలా తిప్పండి, అంత బలంగా పొడవకండి, అది కాగితం, దూది కాదు అనేవారు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. మీ చేత సూది పట్టిస్తే తెలిసేది అనేవాణ్ణి.

నా ఫోన్లో భాష తెలుగులోకి మార్చి ఇచ్చారు. ఒకరోజు మోకాళ్ల నూనె ప్రకటన వచ్చింది. నిన్న వచ్చింది, మొన్న వచ్చింది. నా మోకాళ్ల సంగతి దీనికెవరు చెప్పారు, ఇది దొంగచాటుగా వింటోందా అని అడిగాను. దొంగచాటుగా ఎందుకండీ, మోకాళ్ల నొప్పికి ఏం చెయ్యాలని మీరే మైకు నొక్కి దాన్ని అడిగారుగా, అడిగింది అడిగినట్టు రాసుకుంది అన్నారు. నిజమే, అడిగాను. రాయడం రాక నోటితో అడిగాను. మీరు ఎక్కడున్నారో తెలుసుకోవాలని ఉంది, అనుమతిస్తారా అని ఫోన్లో ఇంకోటి అడిగితే, ఆ రోజు కింద ఉన్న మాట అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అనుమతించవద్దు. పూర్తయ్యేసరికి తెర ఆరిపోయింది. మళ్లీ వెలిగించి నొక్కాను. నొక్కి, బల్ల మీద ఉన్న ఆ తీగ తెగిన ఫోను రిసీవరు ఎత్తి, ఇవాళ పెద్ద మాట చదివానని చెప్పాను. అవతలి వైపు ఎవరున్నారండీ అని అడిగారు మేడం. ఎందుకు అన్నాను.

ఆవిడ అంత నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

తొలకరికి మొదలుపెట్టాను, మామిడికాయలు మార్కెట్టుకి వచ్చేసరికి కాగితం విప్పే ధైర్యం వచ్చింది. ఇంట్లో కాదు, బల్ల మీదే విప్పాను. పేపరు మధ్యలో పెట్టుకుని, అటు మాస్టారు, ఇటు శెట్టిగారు ఉండగానే. పెద్ద పెద్ద అక్షరాలతో విడివిడిగా రాసి ఉంది. నేను ఎప్పుడో ఒకనాటికి చదువుతానని రాసేటప్పుడే అనుకున్నారన్నమాట.

పరుపుల సాయిబు గారు. రోజూ వస్తారు. పేపరు చదవరు. సోమవారం పేపరు నాలుగు రోజులు వరసగా ఇచ్చాను. నాలుగు రోజులూ ఒకే చోట నిట్టూర్చారు. అది సిమెంటు ప్రకటన. ఈ సంగతి ఎవరికీ తెలియదు. నా నోటి నుంచి బయటికి రాదు. చదివి మీకు నవ్వొచ్చినా, కోపం వచ్చినా, బల్ల దగ్గర మీ చోటు మీదే. చదివాక చింపెయ్యండి.

నాకు రెండూ ఒక్కసారే వచ్చాయి. ముందు నవ్వు బయటపడింది. మాస్టారు కళ్లజోడు మీంచి చూసి, ఏంటి సాయిబు గారూ, ఏం వార్త అని అడిగారు.

"సిమెంటు" అన్నాను.

ఆ తర్వాత మేడం రిటైరయ్యారు. రిటైరైన రెండేళ్లకి పోయారు. ఆ మాట మాకు విస్సన్నపేట బస్సు కండక్టరు చెప్పాడు. లైబ్రరీ గేటుకి ఒక ఫ్లెక్సీ కట్టిద్దామని అనుకున్నాం. ఫొటో లేదు. ఎవరి ఫోన్లోనూ లేదు. ఆవిడ తీయనిస్తే కదా. అందరం వెతగ్గా, గ్రంథాలయ వారోత్సవాలప్పుడు తీసిన ఒక గుంపు ఫొటో దొరికింది. అందులో అందరూ పళ్లికిలించి ఉన్నారు, ఆవిడ మాత్రం తెరిచిన పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. ముఖం లేకుండా ఫ్లెక్సీ ఏంటండీ అన్నాడు ఫ్లెక్సీ కొట్టేవాడు. శెట్టిగారు వాడిమీద విరుచుకుపడ్డారు. అదే వేయించాం. వారం రోజులు గేటు దగ్గర ఆ పుస్తకం, దాని పైన కొంచెం జుట్టు, ఒక ఎడమ కనుబొమ్మ.

బట్టల కొట్టు ఫారం ఇంటికి తెచ్చి చదివాను. ముందు వైపు పేరు, పుట్టినరోజు, పెళ్లిరోజు, ఇంట్లో ఎంతమంది, ఎవరెవరి సైజులేంటి. వెనక వైపు చీమతలల్లాంటి అక్షరాలు. భూతద్దం పెట్టుకుని, ఆగి ఆగి, రెండు సాయంత్రాలు చదివాను. సంతకం చేస్తే ఈ వివరాలన్నీ వాళ్లకి నచ్చినవాళ్లకి ఇచ్చుకోవడానికి నేను ఒప్పుకున్నట్టేనట. రిజిస్టరు పైన మేడం రాసిన మాటకి చిన్న తమ్ముడు. సంతకం పెట్టాల్సిన చోట ఎందుకు అని రాసి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టి, తీసుకెళ్లి ఇచ్చేశాను. ఆ పిల్ల చదివి, మీరు మూడోవారండీ ఇలా రాసింది అంది.

ఆ కుక్కర్ ఇప్పటికీ ఆ కొట్టు అద్దాల బీరువాలోనే ఉంది, అట్టపెట్టె మీద ఆ నంబరు అంటించి. తీసుకోవడానికి ఎవరూ పోరు. అటువైపు వెళ్తే మాస్టారు ఒకసారి ఆగి చూసి వస్తారు. శెట్టిగారు బెజవాడకి పోలేదు, స్థలం మాత్రం కొన్నారని నా అనుమానం. నేను అడగలేదు.

మేడం నా కాగితాన్ని చింపెయ్యమన్నారు గానీ ఆ ఒక్క మాట నేను వినలేదు. నాకు తెలిసిన పని చేశాను. ఒక పరుపులో పెట్టి కుట్టేశాను.

ఇది చదివితే, అరవై ఏళ్లు దాచిన సంగతి ఇప్పుడెందుకు బయటపెట్టారని మాస్టారు రేపు బల్ల దగ్గర అడుగుతారు. అది నాది, నా ఇష్టప్రకారం చెప్పుకున్నాను. ఆవిడ పేరు మాత్రం నాది కాదు. అందుకే ఇంత రాసినా ఎక్కడా రాయలేదు. అంతగా తెలుసుకోవాలనుంటే నంబరు ఆ కుక్కర్ పెట్టె మీద ఉంది, ఫోన్ చేసి అడగండి.